బ్రెజిల్ వాళ్ళకు మనోళ్ళ రేటు

పోర్చుగీసు భాషలో నాకు వచ్చింది ఒకే ఒక్క వాక్యం. పైసా ఖర్చు లేకుండా నేర్చుకున్నాను, ఒకే ఒక్కసారి వాడాను, ఆ ఒక్కసారికే నా కొట్టు అరలతో సహా లేచి బ్రెజిల్ వెళ్ళిపోబోయింది. మిగతా వ్యాపారస్తులు ఏళ్ళ తరబడి తంటాలు పడి తెచ్చుకునే నష్టాన్ని నేను నాలుగు మాటల్లో, అదీ నవ్వుతూ, చేతులు జోడించి మరీ తెచ్చుకున్నాను. ఇంత చవగ్గా ఇంత పెద్ద తెలివితక్కువ పని చేసినవాళ్ళు ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఇంకొకరుంటే చెప్పండి, వచ్చి దండ వేస్తాను. దండ మాత్రం బేరమాడే కొంటాను. అది వేరే సంగతి.

బేరం నాకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. ఆత్మకూరు బజారులో మా నాయనది స్టీలు సామాన్ల కొట్టు. నేను నడక నేర్చుకున్నది గల్లాపెట్టె అంచు పట్టుకుని. పెళ్ళిచూపుల్లో మా ఆయన్ను చూడగానే నేను "ఇంకాస్త తగ్గదా?" అన్నానని మా బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది అభాండం. నేను అడిగింది ఆయన మీసం గురించి.

పెళ్ళయి ఉదయగిరి వచ్చాక నేను కొయ్య సామాన్ల కొట్టు పెట్టాను. ఈ ఊళ్ళో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కే చేతులు తరతరాలుగా ఉన్నాయి. నాకు సరుకు ఇచ్చేది మస్తానన్న. ఆయన చెక్కిన చెంచా పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టే ఉంటుంది. అప్పట్లో నా గల్లాపెట్టెలో చెయ్యి పెట్టినా అచ్చం అట్లాగే ఉండేది. ఊరివాళ్ళు కొట్టు ముందు ఆగి, గరిటె తిప్పి చూసి, "ఊరికే దొరికే కొండ మీద కొయ్యకి దుడ్లు కూడానా!" అని నవ్వి, పక్క కొట్లో ప్లాస్టిక్ డబ్బా కొనుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు.

ఈ సంగతి ఆత్మకూరు చేరింది. ఒకరోజు నాయన బస్సు దిగి వచ్చి, కొట్టంతా కలయజూసి, తీర్పు చెప్పేశాడు.

"ఇదిగో మే, నీతో నాకు వాదం వద్దు. మళ్ళీ సంత దినానికి వస్తా. ఆ దినం నా కండ్ల ముందర బేరం జరిగి, లాభం కనపడితే సరే. లేదంటే కొట్టు మూసేసి ఆత్మకూరు రా. స్టీలు గిన్నెలు తూకం వేసుకుంటా నా పక్కన కూచుందువు."

"లాభం అంటే ఎంత నాయనా?"

"కంటికి కనపడేంత."

మా ఆయన కూడా లోపల్లోపల నాయన పక్షమే. అమ్ముడుపోని సరుకు మా మంచం కింద ఉండేది. పాపం, ఆయన పక్క మీద దొర్లినప్పుడల్లా కింద ఫోర్కులు కిర్రుమనేవి.

సరిగ్గా అప్పుడు దేవుడు నెల్లూరు నుంచి ఫోన్ చేయించాడు. చేసింది ప్రసాద్ అనే కుర్ర గైడు. బ్రెజిల్ దేశంలో మన నెల్లూరు పేరు పెట్టుకున్న తెల్ల పశువులు లక్షల్లో ఉన్నాయట. వాటిని మేపుకునే రైతులు కొందరు, తమ పశువుల పుట్టింటిని చూసి పోదామని బయల్దేరి వచ్చారట.

"ఏడుగురక్కా. పొద్దున ఆత్మకూరు మీదుగా వచ్చి, ఉదయగిరి కోట చూసి పోతారు. నీ కొట్టు కాడ ఆపమంటావా?"

"ఎప్పుడు?"

"సంత దినం."

"ఆపు ప్రసాదూ, ఆపు! వాళ్ళు బేరమాడతారా?"

"తెలీదక్కా."

"తెలీకపోతే చెప్పొద్దు. అట్లా ఒకటి ఉందని కూడా చెప్పొద్దు."

వెంటనే చెంచాల మీద పాత ధరలు పీకి కొత్తవి అంటించాను. కొత్త ధరలు చూసి నాకే కళ్ళు తిరిగాయి. మస్తానన్న అయితే ఒక గరిటె ఎత్తి వెలుతురులో పెట్టి చూశాడు. "ఇది నేను చెక్కిందేనా అమ్మా? ఇంత రేటు చూస్తే నాకే భయంగా ఉండాది."

ఇంత చేదు మింగించాలంటే ముందు కాస్త బెల్లం పెట్టాలి కదా. ఏం పెట్టాలా అని ఆలోచిస్తుంటే బ్యాంకులో గోడ మీద చూసిన ఇంగ్లీషు మాట గుర్తొచ్చింది. యూ ఆర్ వన్ ఆఫ్ అస్. మీరు మా వాళ్ళలో ఒకరు. దాని కింద నలుగురు చేతులు పట్టుకుని పళ్ళికిలిస్తూ ఉంటారు. దాని పక్కనే టోకెన్ తీసుకుని గంటన్నర కూర్చోమని రాసి ఉంటుంది. ఎంత సౌకర్యం చూడండి! మనిషిని తమలో కలుపుకోవడానికి వాళ్ళకు అణా ఖర్చు లేదు.

ఆ మాటను పోర్చుగీసులోకి మార్చి పెట్టమని ఫోన్‌ను అడిగాను. ఒక్కటి అడిగితే, చీరల కొట్లో మాదిరి, మూడు తీసి ముందు పరిచింది. వినసొంపుగా ఉన్నదాన్ని ఏరుకున్నాను. "వొసేస్ సావ్ దుస్ నోసుస్." మీరంతా మా వాళ్ళే అని అర్థం. తెలుగులో రాసుకుని గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ, కూర తిప్పుతూ వల్లె వేశాను. మా ఆయన ఒకటి రెండు సార్లు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది బోధపడదు. మా నాయన కొట్లో ఒక కట్టుబాటు ఉంది. కొట్టు గడప మీద నిలబడి ఎవరినైనా 'మనోళ్ళు' అన్నామంటే, ఇక వాళ్ళకు సరుకు కొన్న ధరకే ఇవ్వాలి. దాని పేరే మనోళ్ళ రేటు. అందుకని మా ఇంట్లో పిల్లలకు అఆలకన్నా ముందు తప్పించుకునే మాటలు నేర్పేవారు. 'తెలిసినవాళ్ళు' అనొచ్చు. 'కావలసినవాళ్ళు' అనొచ్చు. మరీ మొహమాటమైతే 'ఇంటి మనుషుల్లాంటివాళ్ళు' అనొచ్చు. ఆ 'లాంటి' మీదే మా నాయన ఆత్మకూరులో రెండంతస్తుల ఇల్లు కట్టాడు.

ఇంత తెలిసినదాన్ని ఎట్లా జారానంటారా? ఆ కట్టుబాటు తెలుగు మాటకే వర్తిస్తుందనుకున్నాను. పోర్చుగీసులో అంటే అది చెల్లని నోటు, ఎవరు పట్టించుకుంటారు అనుకున్నాను. నా తెలివి అట్లాంటిది.

సంత రోజు వచ్చింది. నాయన పొద్దున్నే దిగి, గల్లాపెట్టె పక్కన కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మస్తానన్న ఒక మూల చెక్కడం మొదలుపెట్టాడు. వ్యాను ఆగింది. ఏడుగురూ బిలబిలా దిగారు. అందరికన్నా ముందు నడిచింది సేలియా అనే పెద్దావిడ. తెల్లజుట్టు, గుమ్మం నిండే మనిషి. ఆమెకు కాస్త ఇంగ్లీషు వచ్చు. ఆమె ఇంగ్లీషును ప్రసాద్ తెలుగు చేస్తాడు. రావడం రావడమే ఆమె ఒక చెంచా తీసి, వేలితో కొట్టి, వాసన చూసి, తిరగేసి అడుగు చూసింది. అది కొనేవాళ్ళ చూపు కాదు, అమ్మేవాళ్ళ చూపు. అడిగితే తెలిసింది, వాళ్ళ ఊళ్ళో ఈమెది వంటసామాన్ల కొట్టేనట.

అయినా వెనక్కి తగ్గలేదు. గడప మీద నిలబడి, చేతులు జోడించి, గొంతు సవరించుకుని అన్నాను.

"వొసేస్ సావ్ దుస్ నోసుస్!"

మరుక్షణం ఒక్కసారిగా కేక. సేలియా నన్ను పట్టుకుని నలిపేసింది. ఇద్దరు మగవాళ్ళు లోపలికొచ్చి నాయనను లేపి మరీ కౌగిలించుకున్నారు. నాయనను అంతకు ముందు జన్మలో ఎవరూ కౌగిలించుకోలేదు, కన్నబిడ్డలం మేము కూడా. ఆయన చేతులు రెండూ గాల్లో, ఎటు పెట్టాలో తెలియక, కొలతకు నిలబడ్డ మనిషిలా ఉండిపోయాడు.

వాళ్ళు వదలగానే చొక్కా సర్దుకుని నన్ను పిలిచాడు.

"ఏందిమే, ఏమన్నావు వాళ్ళని? ఇంత ప్రేమ ఎందుకు పొర్లింది?"

నేను గర్వంగా చెప్పాను. "మీరంతా మా వాళ్ళే అన్నా నాయనా. వాళ్ళ భాషలో."

నాయన నా కాళ్ళ వైపు చూశాడు. "యాడ నిలబడి అన్నావు?"

కిందికి చూసుకున్నాను. రెండు పాదాలూ గడప మీదే. ఒక్కటైనా బయట ఉంటే సగం రేటుకు వాదించేదాన్ని.

"నాయనా, అది పోర్చుగీసు."

"గడపకి భాషేందిమే?"

"ఉత్త మర్యాద మాట నాయనా! బ్యాంకోళ్ళు అనరా?"

"బ్యాంకోళ్ళకి గడప యాడుండాది? అద్దం తలుపు." నాయన ప్రసాద్ వైపు తిరిగాడు. "అబ్బయా, వాళ్ళకి చెప్పు. నా కూతురు నోరారా మనోళ్ళనింది. కొన్న రేటుకే ఇస్తాం."

"వద్దు ప్రసాదూ!" అన్నాను.

"చెప్పు ప్రసాదూ!" అన్నాడు నాయన.

ప్రసాద్ పెద్దవాళ్ళ మాట వినే పిల్లవాడు. చెప్పేశాడు. అనువాదంలో ఏ తప్పూ లేదు. నేను అన్న మాటలోనూ లేదు. అదే నా కొంప ముంచింది. ఎక్కడైనా కాస్త తప్పుగా పలికి ఉంటే, ఆ పేరు చెప్పుకుని బయటపడేదాన్ని.

ఇక కొన్న ధర ఎంత అన్న ప్రశ్న వచ్చింది. నేను అటూ ఇటూ చూసేలోగా నాయన మూలకు కేకేశాడు.

"మస్తానూ, ఈ గరిటె మా అమ్మాయికి ఎంతకిచ్చినావు?"

"మస్తానన్నా, నువ్వు మాట్లాడొద్దు."

"పెద్దాయన అడుగుతావుండాడు కదమ్మా," అని ఆ నిజాయితీపరుడు అర తర్వాత అర, ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటూ పోయాడు. నేను ఎంతో ఆశతో అంటించిన కొత్త ధరలు ఒక్కొక్కటే రాలిపోయాయి.

ఆ తర్వాత నేను చేసిన పని మా వంశంలో ఎవరూ చేసి ఉండరు. గిరాకీని వెనక్కి నెట్టడం మొదలుపెట్టాను. ఇట్లా ఖాళీ అయితే సాయంత్రానికి కొట్లో సరుకూ ఉండదు, కంటికి కనపడే లాభమూ ఉండదు. నాయనతో పాటు ఆత్మకూరు బస్సెక్కడమే.

"ఆ గరిటె వద్దమ్మా, వంకర," అన్నాను సేలియాతో.

"వంకర కాదు," అన్నాడు నాయన. "చేతికి అమిరేదానికి అట్ట చేసినారు."

"ఆ చెంచాల సెట్టు పాతది."

"పాతబడే కొద్దీ గట్టిపడతాది కొయ్య. రెండు తీసుకోమను ప్రసాదూ."

జన్మంతా స్టీలు అమ్మిన మనిషి, కొయ్యంటే మొహం తిప్పుకునే మనిషి, లాభం లేదని తేలగానే కొయ్య గొప్పతనం గురించి హరికథ చెప్పేస్తున్నాడు. ఏడుగురూ రెండు చేతులా ఏరుకుంటున్నారు. సేలియా చెల్లెళ్ళకట, ఆరు సెట్లు విడిగా పెట్టింది.

"ఎంతమంది చెల్లెళ్ళు?" అన్నాను నీరసంగా.

"ఆరుగురంటక్కా," అన్నాడు ప్రసాద్. "వదినలు వేరే ఉండారంట."

ఆమె తల్లిదండ్రుల మీద నాకు విపరీతమైన కోపం వచ్చింది.

సగం అరలు ఖాళీ అయ్యాయి. బయట సంత జనం గుమికూడి తెల్లవాళ్ళను వింతగా చూస్తున్నారు. నేను గోడకు ఆనుకుని, ఆత్మకూరు కొట్లో నా భవిష్యత్తు ఊహించుకోసాగాను. ఊహల్లో మా మేనమామ కనబడ్డాడు. పాపం ఆయన ఒక పండగ సీజనులో కుక్కరు కొనుక్కుందామని నాయన కొట్టుకు వచ్చాడు. మనోళ్ళ రేటుకే ఇచ్చారు. కానీ కట్టించుకుని వెళ్ళబోతుంటే నాయన భుజం మీద చెయ్యి వేశాడు. "గిరాకీ చూస్తావుండావు కదా బామ్మర్దీ, మనోళ్ళు నిలబడి చూస్తారా?" ఆ మాటకు ఆయన పొద్దు గూకేదాకా గిన్నెలు అందిస్తూనే ఉన్నాడు. మళ్ళీ ఎప్పుడూ మా కొట్లో ఏమీ కొనలేదు.

నేను గోడ వదిలి నిటారుగా నిలబడ్డాను.

"నాయనా, గిరాకీ దినం మనోళ్ళు కొట్టుకొస్తే ఏం చేస్తారు?"

"ఏం చేస్తారు?" అన్నాడు ఆయన సేలియాకు ఏడో సెట్టు కడుతూ. చేతిలో పురికొస ఆగిపోయింది. నా వైపు చూశాడు. బయట జనం వైపు చూశాడు. మళ్ళీ నా వైపు చూశాడు. ఆయన కళ్ళలో అట్లాంటి మెరుపు నేను స్టీలు ధర పెరిగినప్పుడు తప్ప చూడలేదు.

"పని చేస్తారు," అన్నాడు.

"ఈ దినం సంత కదా మరి."

ప్రసాద్ బెంబేలెత్తాడు. "అక్కా, వాళ్ళు కోట చూడాల. ఫారినర్లక్కా!"

"ఫారినర్లు ఎవరబ్బయా? మనోళ్ళు," అన్నాడు నాయన. "కోట యాడికీ పోదులే, చెప్పు."

వాడు భయం భయంగా చెప్పాడు. సేలియా విని, చేతిలో మూట దించి, మోచేతుల దాకా చొక్కా మడిచింది.

"ఏమంటుందిరా?"

"ఇంతసేపూ ఎందుకు చెప్పలేదని తిడతావుండాదక్కా."

ఆ తర్వాత జరిగింది ఉదయగిరి మొత్తం చూసింది. ఇద్దరు బ్రెజిల్ రైతులు మెట్ల మీద నిలబడి, గరిటెలు తలకు మించి ఎత్తి, పశువులను అదిలించే గొంతుతో కేకలు. ఒకాయన రెండు చెంచాలు కొట్టి తాళం వేస్తే మిగతావాళ్ళు అడుగులు. వరికుంటపాడు బస్సు దిగినవాళ్ళు ఇటే వచ్చారు. కలిగిరి బస్సు ఎక్కాల్సినవాళ్ళు దాన్ని వదిలేసి వచ్చారు. గొర్రెలు అమ్ముకోవడానికి వచ్చిన ఒకాయన గొర్రెలతో సహా వచ్చాడు. సేలియా మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా అమ్మకానికి కూర్చుంది. నేను అంటించిన కొత్త ధరలు, బ్రెజిల్ వాళ్ళ కోసం వేసినవి, మళ్ళీ సరుకు మీదికి ఎక్కాయి.

మొదట వచ్చింది కొండాపురం అవ్వ ఒకామె. గరిటె ఎత్తి పెదవి విరిచింది.

"ఏందిమే ఇది, కొయ్యదానికి నూటయాభయ్యా? డెబ్బయి చేసుకోమను."

సేలియాకు తెలుగు రాదు. కానీ బేరమాడే మొహం ఏ దేశంలోనైనా ఒకటే. ఆమె నెమ్మదిగా ఒక వేలు పైకెత్తి, నా వైపు చూసి కన్ను గీటింది.

నాకు అర్థమైంది. "అవ్వా, పది పెరిగిందంట."

"ఎందుకు పెరిగిందే?"

"నువ్వు బేరమాడినావని."

"ఇదెక్కడి కొట్టు తల్లీ! సరే పో, నూరిస్తానను."

రెండో వేలు లేచింది.

"ఇంకో పది, అవ్వా."

"ఓసి దీని వేళ్ళిరగా! నేను నోరు తెరవనులే. ముందు చెప్పిన రేటుకైనా ఇప్పించవే!"

సేలియా పెద్ద మనసుతో ఒక వేలు ముడిచింది. అవ్వ ఆ మిగిలిన పదికి కూడా సంతోషించి, నూట అరవై లెక్కపెట్టి ఇచ్చి, గరిటె చంకన పెట్టుకుని, వెనక ఉన్నవాళ్ళను హెచ్చరించుకుంటూ పోయింది. "బేరమాడబాకండి, పెరగతాది! ఇంకా పెరగకముందే బిన్నా కొనుక్కోండి!"

బేరమాడితే ధర పెరిగే కొట్టు! పుట్టినప్పటి నుంచీ బజారులో పెరిగినదాన్ని, ఇంత చిన్న కిటుకు నాకు తట్టలేదు. ఆ మాట సంతంతా పాకింది. జనం వచ్చి, నోరు గట్టిగా మూసుకుని, దుడ్లు చేతిలో పెట్టి, సరుకు తీసుకుని పోతున్నారు. కొండ మీద కొయ్యకి దుడ్లా అన్న నోళ్ళే అవన్నీ. మస్తానన్న ఇంటికి రెండుసార్లు పరుగెత్తి సరుకు తెచ్చాడు. మూడోసారి మా ఆయన మా మంచం కింది సరుకు తెచ్చాడు. ఆయన మొహంలో అంత శాంతి నేను పెళ్ళినాడు కూడా చూడలేదు.

ఎండ తగ్గాక ఏడుగురూ కోటను కింద నుంచే చూసి, దానికి చెయ్యూపి, వ్యాను ఎక్కారు. సేలియా నన్ను మళ్ళీ నలిపేసి ఏదో అంది. ప్రసాద్ చెప్పబోతే వద్దన్నాను. ఆ రోజుకు అనువాదాలు చాలు.

నాయన గల్లాపెట్టె మూత వేయడానికి రెండుసార్లు నొక్కాల్సి వచ్చింది. మూడోసారి మోచేత్తో నొక్కాడు.

"కనపడిందా నాయనా?"

"ఊఁ," అన్నాడు. మా నాయన 'ఊఁ' అంటే అది రిజిస్ట్రారు ఆఫీసు ముద్రతో సమానం. కొట్టు నాదే.

కాబట్టి, ఈ రాత సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక మీదట నేను ఏ భాషలోనూ, ఏ దేశం వాళ్ళనూ, ఎంతటి అవసరం వచ్చినా, కొట్టు గడప మీద నిలబడి మా వాళ్ళు అనను. మరీ ప్రేమ పొంగుకొస్తే రోడ్డు దాటి, అవతలి సందులోకి వెళ్ళి, అక్కడ అనేసి వస్తాను.

ఇక లెక్క. బజారు బిడ్డను, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. బ్రెజిల్ మనోళ్ళ మీద లాభం సున్నా. సంత జనం మీద లాభం ఆరు వేల నాలుగు వందలు. అందులోంచి, మనోళ్ళకు అన్నం పెట్టకుండా పంపలేం కాబట్టి, బిరియానీలకు రెండు వేల ఒక వంద. టీలకు, సోడాలకు మూడు వందలు. పరుగెత్తినందుకు మస్తానన్నకు వెయ్యి. సేలియా అడక్కపోయినా నాయన ఆమె మూటలో కొసరుగా వేసిన గరిటెలకు నాలుగు వందలు. నికరంగా రెండు వేల ఆరు వందలు మిగిలాయి. ఇంతవరకు అంతా లాభమే. నష్టం కూడా రాయాలి కదా. ఆ రోజు నుంచి నాయన ప్రతి సంతకూ మొదటి బస్సుకే దిగుతున్నాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చుని, బేరమాడిన ప్రతివాళ్ళకూ ఒక వేలు చూపిస్తున్నాడు. లెక్క సరిచూసుకుంటే, ఆ ఒక్క వాక్యానికి ఖర్చులన్నీ పోను నా చేతికి మిగిలింది రెండు వేల ఆరు వందల రూపాయలూ, మా నాయనా.